‘అనుమానితుడు’ అంటే దోషి కాదు

సందేహాన్ని తెలిపే మాటలు భాషలో ఒక నిజాయితీ కోసం పుట్టాయి. ‘బహుశా’, ‘కావచ్చు’, ‘అట’ అన్నప్పుడు, తెలియనిదానిని తెలిసినట్లు చెప్పడం లేదని ఒప్పుకొంటున్నాం. ‘అనుమానితుడు’ కూడా ఆ కోవలోని మాటే. నేరం ఇంకా రుజువు కాలేదని దాని భావం. కానీ ముస్లిం పేరు పక్కన చేరగానే ఆ భావం తలకిందులవుతున్నది. ‘అనుమానిత ఉగ్రవాది’ అన్న శీర్షికలో పాఠకుని చూపు రెండవ మాట మీదనే నిలుస్తుంది. మొదటి మాట పత్రికకు గొడుగుగా మాత్రమే మిగులుతుంది.

ప్రభుత్వ కార్యాలయంలో దస్త్రాలు రాసిన కాలంలో మేము నేర్చిన మొదటి పాఠం, ఫిర్యాదు వేరు, ఆరోపణ వేరు, రుజువు వేరు అన్నదే. ఒక గుమాస్తా పాటించవలసిన ఈ జాగ్రత్త, లక్షల మంది చదివే పత్రికలకు అక్కరలేదా?

2007 మే 18న శుక్రవారం నమాజు వేళ హైదరాబాద్ మక్కా మసీదులో పేలుడు జరిగింది. ప్రాణాలు పోయినది నమాజీలవే. ఆ తరువాత అనుమానం పేరిట నిర్బంధించినదీ పెద్ద సంఖ్యలో ముస్లిం యువకులనే. నిలబడని కేసుల నుంచి వారు నిర్దోషులుగా బయటపడ్డారు. 2011లో ప్రభుత్వం పరిహారం ప్రకటించింది. 2013లో హైకోర్టు దానిని కొట్టివేసింది. అరెస్టు మొదటి పేజీ వార్త అయినప్పుడు, విడుదల లోపలి పేజీలో నాలుగు పంక్తులైతే న్యాయం ఎలా అవుతుంది?

‘దర్యాప్తు వద్దంటారా?’ అని కొందరు అడుగుతారు. వద్దనడం లేదు. దర్యాప్తు జరగాలి, దోషికి శిక్ష పడాలి. తీర్పును మాత్రం న్యాయస్థానానికే వదలమంటున్నాం.

మన తప్పునూ దాచుకోరాదు. పోలీసులు వచ్చి వెళ్లిన ఇంటికి సలాం చెప్పడానికి సైతం జంకుతున్నాం. కుదిరిన సంబంధాలు వదులుకొంటున్నాం. అతిగా అనుమానించవద్దని, తెచ్చిన వార్తను విచారించుకొమ్మని బోధించే సూరా హుజురాత్‌ను చదివే మనకు ఇది తగునా?

సోదరులారా, సోదరీమణులారా! అరెస్టు వార్తను భద్రపరచండి. నిర్దోషిగా తీర్పు రాగానే దాని నకలు జతచేసి, అంతే ప్రముఖంగా ప్రచురించమని సంపాదకునికి లేఖ రాయండి. అంతకుముందు, ఆ ఇంటి తలుపు తట్టి సలాం చెప్పండి.