ఓడాడని పొమ్మంటారా?

పేరున్న బాక్సరు ముప్పై ఐదు దాటాక ఒక్క ఫైటు ఘోరంగా ఓడితే చాలు, తెల్లారేలోగా తీర్పు వచ్చేస్తుంది. ఇక చాలించుకోవాలి, పరువుండగానే తప్పుకోవాలి, అభిమానులకు ఆ పాత రూపమే గుర్తుండాలి. ఈ మాట అనేవాళ్లలో మాజీ ఆటగాళ్లుంటారు, టీవీ వ్యాఖ్యాతలుంటారు, టీకొట్టు దగ్గర పేపరు తిరగేసే పెద్దమనుషులుంటారు. అందరి గొంతులోనూ జాలి ఉంటుంది కాబట్టి ఎవరూ ఎదురు చెప్పరు. నాకు మాత్రం ఈ జాలి మీద నమ్మకం లేదు. ఓటమి చూసి బాక్సర్‌ని ఇంటికి పొమ్మనడమంటే, అసలు చూడాల్సిన చోట చూడకపోవడమే.

తప్పుకోవాలనేవాళ్లు ఎప్పుడూ ముందుకు తెచ్చే సాక్ష్యం ముహమ్మద్ అలీ. సరే, అలీనే తీసుకుందాం. 1980 అక్టోబర్ 2, లాస్ వేగాస్‌లో సీజర్స్ ప్యాలెస్ హోటల్ ఆవరణలో కట్టిన తాత్కాలిక అరీనా. అలీకి 38 ఏళ్లు. అవతల లారీ హోమ్స్, ఒకప్పుడు అలీ శిబిరంలోనే స్పారింగ్ (సాధన కోసం ఆడే ఫైటు) చేసిన కుర్రాడు. జుట్టుకు రంగేసుకుని, బరువు తగ్గడానికి థైరాయిడ్ మందు మింగి వచ్చిన అలీ చూడ్డానికి పదేళ్లు చిన్నవాడిలా కనిపించాడు. గంట మోగాక తెలిసింది, ఒంట్లో ఏమీ లేదని. ముగ్గురు జడ్జిల్లో ఏ ఒక్కరూ ఆయనకు ఒక్క రౌండు కూడా ఇవ్వలేదు. పదో రౌండు అయ్యాక ట్రైనర్ ఏంజెలో డండీ ఇక చాలన్నాడు. ఏళ్ల తరబడి అలీని వెన్నంటి ఉన్న బండినీ బ్రౌన్, డండీ స్వెట్టరు పట్టుకుని ఇంకొక్క రౌండు అంటూ బతిమాలాడు. డండీ విదిలించుకుని రెఫరీకి చెప్పేశాడు. గెలిచిన హోమ్స్ ఏడ్చాడు.

చూశారా, అప్పటికే తప్పుకుని ఉంటే ఎంత బాగుండేది అంటారు. నిజమే, ఆ రాత్రి ఆయన రింగులో ఉండకూడదు. కానీ అలీకి జరిగిన నష్టం ఆ రాత్రి మొదలు కాలేదు. మూడేళ్లు వెనక్కి వెళ్లండి. 1977 సెప్టెంబర్ 29, న్యూయార్క్‌లో మాడిసన్ స్క్వేర్ గార్డెన్. ఎదురుగా ఎర్నీ షేవర్స్, ఆ కాలంలో అందరికంటే గట్టిగా కొడతాడని పేరున్నవాడు. పదిహేను రౌండ్లు అలీ ఆ దెబ్బలు తిన్నాడు, చివర్లో పుంజుకున్నాడు, పాయింట్ల మీద గెలిచాడు. జనం చప్పట్లు కొట్టారు. గార్డెన్‌లో ఫైట్లు కుదిర్చే టెడ్డీ బ్రెన్నర్ మాత్రం, అలీ ఫైటుకు ఇక గార్డెన్ ఎప్పటికీ ముందుకు రాదని విలేకరుల ముందే ప్రకటించాడు. అలీ వెంట ఎన్నో ఏళ్లున్న డాక్టర్ ఫెర్డీ పచేకో, ఆ ఫైటు తర్వాత అలీ మూత్రపిండాలు పాడవుతున్నాయని చెప్పే ల్యాబ్ రిపోర్టు చూశాడు. దాని కాపీలు అలీకీ, ఆయన భార్యకూ, మేనేజర్‌కూ పంపాడు. జవాబు రాలేదు. పచేకో ఆ శిబిరం వదిలేసి వెళ్లిపోయాడు.

ఇద్దరూ చాలన్నది గెలిచిన ఫైటు తర్వాతే. లోపలి విషయం తెలిసినవాళ్లకు స్కోరుకార్డుతో పని లేదు, ఆ తల ఎన్ని దెబ్బలు తిన్నదో కళ్లారా చూశారు కాబట్టి. 1975లో మనీలాలో జో ఫ్రేజియర్‌తో జరిగిన ఫైటు కూడా అలీ గెలిచిందే. పద్నాలుగు రౌండ్లయ్యాక ఫ్రేజియర్ కార్నర్‌లోని శిక్షణ బృందం చేతులెత్తేసింది. చావుకు అంత దగ్గరగా ఎప్పుడూ వెళ్లలేదని అలీ తర్వాత చెప్పుకున్నాడు. 1974లో కిన్షాసాలో తాళ్లకు ఆనుకుని జార్జ్ ఫోర్‌మన్ గుద్దులన్నీ ఒంటి మీద వేయించుకుని, అతను అలిసిపోయాక పడగొట్టిన ఫైటును ఈనాటికీ తెలివికి పరాకాష్ఠగా చెప్పుకుంటాం. మనం పండగ చేసుకున్న రాత్రులకు అలీ చెల్లించిన మూల్యం పెద్దది. పార్కిన్సన్స్ అని 1984లో నిర్ధారణ అయింది.

ఇంకో సంగతి. బాక్సరు తినే దెబ్బల్లో ఎక్కువ భాగం మనం టికెట్టు కొని చూసేవి కావు. జిమ్‌లో తినేవి. ఒక ఫైటుకు ముందు వారాల తరబడి స్పారింగ్ జరుగుతుంది. తలకు గార్డు ఉంటుంది, గ్లవ్స్ కాస్త మందంగా ఉంటాయి, అంతే. గార్డు చర్మం చిట్లకుండా కాపాడుతుంది గానీ పుర్రె లోపల మెదడు కదలకుండా ఆపలేదు. పెన్సిల్వేనియాలో డీర్ లేక్ శిబిరంలో అలీ కావాలనే స్పారింగ్ కుర్రాళ్ల చేత కొట్టించుకునేవాడు, ఓర్పు పెరుగుతుందని. ఆ దెబ్బలు ఏ రికార్డు పుస్తకంలోనూ లేవు. తల దెబ్బల వల్ల బాక్సర్లకు వచ్చే మతిచెడే జబ్బు గురించి హారిసన్ మార్ట్‌లండ్ అనే అమెరికన్ డాక్టరు 1928లోనే రాశాడు. తూలే నడక, తడబడే మాట, మందగించే బుద్ధి అన్నీ అందులో ఉన్నాయి. ఒక్క నాకౌట్ కంటే, స్పృహ తప్పించనంత చిన్న దెబ్బలు ఏళ్ల తరబడి పోగుపడటమే ఎక్కువ ప్రమాదమని తర్వాతి పరిశోధనలు ఎక్కువగా చెప్పాయి. ఆ లెక్కన నాకౌట్ అయి మంచమెక్కినవాడు అదృష్టవంతుడు కూడా కావచ్చు. రూలు ప్రకారం అతన్ని కొన్ని వారాలు రింగ్ దగ్గరికి రానివ్వరు. పన్నెండు రౌండ్లు నిలబడి తిని, బెల్టు ఎత్తి చూపించినవాడికి ఆ పాటి బలవంతపు విశ్రాంతి కూడా దక్కకపోవచ్చు.

పరువుండగా తప్పుకోవడం అనే సలహా ఎవరూ పాటించక కదా ఈ గతి పట్టింది అంటారు. పాటించారండీ. అలీ 1978 సెప్టెంబర్‌లో న్యూ ఓర్లీన్స్‌లో లియాన్ స్పింక్స్‌ను ఓడించి మూడోసారి హెవీవెయిట్ టైటిల్ గెలిచాడు, 1979లో రిటైరవుతున్నానని ప్రకటించాడు. ఇంతకంటే గౌరవమైన వీడ్కోలు ఎవరికి దక్కుతుంది? ఆయన కంటే ముందు జో లూయిస్‌దీ అదే కథ. 1937 నుంచి చాంపియన్‌గా ఉండి, 1949లో టైటిల్ చేతిలో ఉండగానే తప్పుకున్నాడు. రెండేళ్లు తిరక్కుండానే మళ్లీ రింగులోకి వచ్చాడు. బుద్ధి లేక కాదు, ఆదాయపు పన్ను శాఖ వెంటపడి. 1942లో రెండు ఫైట్ల పారితోషికాన్ని యుద్ధ కాలంలో నౌకాదళం, సైన్యం సహాయ నిధులకు ఇచ్చేసిన మనిషి ఆయన. ఆ డబ్బును కూడా ఆదాయం కింద లెక్కగట్టారు. వడ్డీలతో కలిపి బాకీ లక్షల డాలర్లకు పెరిగింది. 1951 అక్టోబర్‌లో 37 ఏళ్ల లూయిస్‌ను రాకీ మార్సియానో ఎనిమిదో రౌండులో తాళ్ల మధ్య నుంచి బయటికి పడేలా కొట్టాడు. తాను ఆరాధించిన మనిషిని కొట్టానని మార్సియానో కన్నీళ్లు పెట్టుకున్నాడు. అప్పుడు కూడా హితవు లూయిస్‌కే. పన్ను శాఖకు హితవు చెప్పిన సంపాదకీయం ఉంటే చదవాలని నాకు కోరిక.

అలీని 1980లో వెనక్కి తెచ్చిందీ డబ్బే. ఆయనకు 80 లక్షల డాలర్లు ఇస్తామన్నారు. ఫైటయ్యాక ప్రమోటర్ డాన్ కింగ్ అందులో 11 లక్షల 70 వేల డాలర్లు కోశాడు. అలీ కోర్టుకెక్కి, చివరికి 50 వేలు తీసుకుని కేసు వదులుకున్నాడు. ఆ ఫైటుకు ముందు మేయో క్లినిక్‌లో పరీక్షలు చేయించారు. ఒంటికాలి మీద సరిగ్గా గెంతలేకపోతున్నాడనీ, వేలితో ముక్కు కొస తాకడంలో కొంచెం తడబాటు ఉందనీ రిపోర్టులో రాశారు. అయినా ఫైటు వద్దనడానికి కారణం లేదని తేల్చారు. నెవాడా అథ్లెటిక్ కమిషన్ ఆ కాగితం చూసే లైసెన్సు ఇచ్చింది. ఇప్పుడు చెప్పండి, తప్పుకోవాల్సింది అలీ ఒక్కడేనా?

ఓటమి కొలబద్ద ఎంత వంకరదో తెలియాలంటే దాని చేతిలో అన్యాయమైపోయేవాళ్లను కూడా చూడాలి. జార్జ్ ఫోర్‌మన్ 1977లో జిమ్మీ యంగ్ చేతిలో ఓడి రింగు వదిలేశాడు. పాస్టరయ్యాడు. పదేళ్ల తర్వాత బొజ్జతో, బోడిగుండుతో తిరిగొస్తే నవ్వారు. 1993లో టామీ మారిసన్ చేతిలో ఓడాక, ఇక ఈ తమాషా కట్టిపెట్టమన్నారు. మరుసటి ఏడాది నవంబర్ 5న మైకేల్ మూరర్‌తో టైటిల్ ఫైటు. వయసు చూసి టైటిల్ సంస్థ డబ్ల్యూబీఏ అనుమతించనంటే ఫోర్‌మన్ కోర్టుకు వెళ్లి మరీ తెచ్చుకున్నాడు. ఇరవై ఏళ్ల కింద కిన్షాసాలో ఓడినప్పుడు వేసుకున్న ఎర్ర నిక్కరే వేసుకొచ్చాడు. తొమ్మిది రౌండ్లు ముగ్గురు జడ్జిల దగ్గరా వెనకబడే ఉన్నాడు. పదో రౌండులో దగ్గర నుంచి కుడిచేత్తో కొట్టిన ఒక్క గుద్దుతో మూరర్ వెల్లకిలా పడ్డాడు. 45 ఏళ్లకు చాంపియన్. ఆయన తలకు మధ్యలో పదేళ్ల విశ్రాంతి దొరికిందన్న సంగతి వయసు అంకె చూసేవాడికి తట్టదు.

మానీ పాక్వియావో 2012 డిసెంబర్‌లో హువాన్ మాన్యుయెల్ మార్కెజ్ కొట్టిన దెబ్బకు బోర్లా పడి కదల్లేదు. బాక్సింగ్‌లో అంతకంటే భయంకరంగా కనిపించే ఓటమి నేను చూడలేదు. మర్నాడు ప్రపంచమంతా రిటైరైపొమ్మంది. 2019లో 40 ఏళ్ల వయసులో అతను అంతవరకూ ఓటమి ఎరగని కీత్ థర్మన్‌ను మొదటి రౌండులోనే కింద పడేసి, పాయింట్ల మీద గెలిచాడు. అలాగని 46 ఏళ్లకు 2025లో మళ్లీ టైటిల్ ఫైటుకు దిగడం, దాన్ని డ్రా చేసుకోవడం నాకు నచ్చిందని కాదు. నచ్చడం నచ్చకపోవడం నా రుచి. అతని మెదడు స్కాన్‌లో ఏముందన్నది వేరే ప్రశ్న, దాన్ని నా రుచి తేల్చలేదు.

మనకు ఈ గందరగోళం క్రికెట్ నుంచి అంటుకుందని నా అనుమానం. పెద్ద బ్యాట్స్‌మన్‌కు నలభై దగ్గరపడుతుంటే ఎప్పుడు తప్పుకుంటాడని ఊరూ వాడా చర్చిస్తాం. అక్కడ అర్థముంది, అతనున్నంత కాలం ఇంకొకడు బెంచీ మీద కూర్చోవాలి. బాక్సింగ్‌లో అలాంటి న్యాయం మాట వచ్చిన సందర్భం మనవాళ్లకు బాగా తెలుసు. 2019లో టోక్యో ఒలింపిక్స్ క్వాలిఫయర్లకు 51 కిలోల విభాగంలో మేరీ కోమ్‌ను ట్రయల్స్ లేకుండా పంపాలనుకున్నారు. నిజామాబాద్ అమ్మాయి నిఖత్ జరీన్ క్రీడా మంత్రికి లేఖ రాసింది. మేరీ తప్పుకోవాలని ఆమె అడగలేదు. నన్ను ఆమెతో ఆడనివ్వండి అంది. డిసెంబర్‌లో ట్రయల్ పెట్టారు, మేరీ 9-1తో గెలిచింది. మేరీ చెయ్యి కలపలేదని అప్పట్లో పెద్ద రభస జరిగింది గానీ, జరగాల్సిన న్యాయం రింగులో జరిగిపోయింది. 2022లోనూ, 2023లోనూ నిఖత్ ప్రపంచ చాంపియన్ అయింది. పెద్దావిడను పొమ్మని సాగనంపి ఉంటే ఈ కథలో ఎవరికీ ఏమీ దక్కేది కాదు. పోటీ పెట్టమని అడగడం చాలు.

ఇటు చివర ఇంకో వాదం ఉంది. అతని ఒళ్లు, అతని ఇష్టం, మధ్యలో మీరెవరు అని. ఇది వినడానికి బాగుంటుంది. నిర్ణయం తీసుకోవాల్సిన మెదడే దెబ్బతిన్నదైతే ఆ ఇష్టానికి విలువెంత? పైగా జబ్బు మెల్లగా వస్తుంది, వచ్చినట్టు రోగికే ఆఖరున తెలుస్తుంది. అందుకే నిర్ణయం అభిమానుల దయకూ వదలకూడదు, బాక్సర్ పంతానికీ వదలకూడదు. బ్రిటన్‌లో లైసెన్సు నిలుపుకోవాలంటే ఏటా మెదడు స్కాన్ తీయించుకోవాలి. ఎక్కడికక్కడ ఆ పద్ధతి పెట్టి, పాత స్కాన్ పక్కన కొత్తది పెట్టి చూస్తే, గెలిచాడా ఓడాడా అన్నది డాక్టరు అడగనే అక్కర్లేదు. స్పారింగ్ రౌండ్లు కూడా రాసి పెట్టాలి. పింఛను మాటా తేలాలి. అమెరికాలో బాక్సర్లకు పింఛను నిధి నడుపుతున్న రాష్ట్రం కాలిఫోర్నియా. మిగతా చోట్ల ముసలి చాంపియన్‌కు ఉన్న ఆస్తి అతని పేరే, దాన్ని అమ్ముకోవాలంటే మళ్లీ రింగెక్కాలి.

ఇవన్నీ లేకపోతే ఏమవుతుందో చూశాం. హోమ్స్ ఫైటు తర్వాత అలీకి అమెరికాలో రింగు దొరక్క 1981 డిసెంబర్‌లో బహామాస్‌లోని నసావుకు తీసుకెళ్లారు. రింగు గంట కూడా సరిగ్గా లేక, ఆవు మెడలో కట్టే గంట మోగించి రౌండ్లు నడిపారు. ట్రెవర్ బెర్బిక్ మీద పది రౌండ్లు, పాయింట్ల ఓటమి. నలభై ఏళ్ల తర్వాత కూడా తీరు మారలేదు. 2021 సెప్టెంబర్‌లో ఆస్కార్ డి లా హోయాకు కోవిడ్ వస్తే అతని స్థానంలో 58 ఏళ్ల ఎవాండర్ హోలీఫీల్డ్‌ను దించారు. కాలిఫోర్నియా ఒప్పుకోలేదు. అంతే, ఫైటును ఫ్లోరిడాకు మార్చేశారు, అక్కడ లైసెన్సు వచ్చేసింది. వీటర్ బెల్‌ఫర్ట్ చేతిలో మొదటి రౌండులోనే రెఫరీ ఆపాల్సి వచ్చింది. మర్నాడు మళ్లీ అదే పాట, హోలీఫీల్డ్ ఇకనైనా తప్పుకోవాలని. ఒక రాష్ట్రం కాదన్న మనిషికి ఇంకో రాష్ట్రం ఏ వైద్య పరీక్ష చూసి సంతకం పెట్టిందో ఆ కాగితం బయటపెట్టమని ఫ్లోరిడా కమిషన్‌ను అడగాల్సింది ముందు.