శాలువాతో తీరని ఋణం

ఆగస్టు పదిహేను వచ్చిందంటే చిన్న పట్టణాలలో మాజీ సైనికునికి ఎక్కడలేని గౌరవం లభిస్తుంది. వేదికపై కుర్చీ వేస్తారు, శాలువా కప్పుతారు, నాలుగు మంచి మాటలు చెబుతారు. మర్నాటి ఉదయం అతడు ఎప్పటివలెనే తపాలా సంచీ భుజాన వేసుకొని పనికి పోతాడు. ఆ మర్నాటి సంగతి చెప్పడానికే మేమీ వ్యాసం వ్రాస్తున్నాము.

మా సంఘ జీవితపు తొలినాళ్ళలో మేమెరిగిన ఒక పోస్ట్‌మాన్ 1971 డిసెంబరు యుద్ధంలో తూర్పు రంగాన పోరాడినవాడు. పదిహేడేళ్ళ సైనిక సేవ ముగించి, సొంత ఊళ్ళో తపాలా శాఖలో చేరాడు. యుద్ధం గురించి అడిగితే మాట తప్పించేవాడు. ఏ వీధిలో ఏ వృద్ధురాలికి మనియార్డరు అందలేదో మాత్రం వ్రేళ్ళ మీద లెక్క చెప్పేవాడు. చదువురాని వారికి జాబులు చదివి వినిపించి, జవాబు వ్రాసి మరీ కదిలేవాడు. 2000 డిసెంబరులో ఇ.డి. ఉద్యోగుల కోర్కెలపై తపాలా సమ్మె జరిగినప్పుడు, సైనికుడివై వుండి సమ్మె చేస్తావా అని పెద్దలు కొందరు ఆక్షేపించారు. తోటివాణ్ణి వెనుక వదలి ముందుకు నడవడం సైన్యం తనకు నేర్పలేదని అతడిచ్చిన సమాధానం మాకు నేటికీ జ్ఞాపకమున్నది.

ఇట్టివారికి ఉద్యోగమివ్వడం దయాధర్మం కాదు. కేంద్ర ప్రభుత్వపు 1979 నిబంధనలు గ్రూప్ సి పోస్టులలో 10 శాతం, ఆనాటి గ్రూప్ డి పోస్టులలో 20 శాతం మాజీ సైనికులకు కేటాయించాయి. అయితే పోస్టులు ఖాళీగా వుంచి, పనిని కాంట్రాక్టర్లకు అప్పగించిన చోట ఈ కేటాయింపు విలువ యేమిటి? సున్నాలో పది శాతం సున్నాయే గదా!

ఇక పింఛను. 2004 జనవరి 1 నుండి చేరిన కేంద్ర సివిల్ ఉద్యోగులకు పాత పింఛను లేదు. 2025 ఏప్రిల్ 1న అమలులోకి వచ్చిన ఏకీకృత పథకం సగం జీతం పింఛనుగా హామీ యిస్తున్నది గాని, దానికి 25 ఏళ్ళ సర్వీసు వుండాలి. సైన్యం నుండి వచ్చి ముప్పై ఏడో ఏట చేరినవానికి అరవై నిండేసరికి 23 ఏళ్ళే అవుతాయి. అతనికి సైనిక పింఛను వున్నది కదా అని కొందరంటారు. అది సరిహద్దులో చేసిన సేవకు ప్రతిఫలం. ఊరికి చేసిన రెండవ సేవకు లెక్క వేరు. మా పోస్ట్‌మాన్‌కు రెండూ దక్కాయి. అతని సంచీ అందుకున్న తరానికి ఆ భరోసా లేదు.

2022లో ప్రకటించిన అగ్నిపథ్ మరింత ముందుకు పోయింది. నాలుగేళ్ళ తరువాత 25 శాతానికి మించకుండా సైన్యంలో నిలుపుకొంటారు. మిగిలినవారి చేతిలో సుమారు 11.71 లక్షల రూపాయలు పెట్టి పంపుతారు. పింఛను లేదు, గ్రాట్యుయిటీ లేదు.

కనుక మన కోర్కెలు స్పష్టం. ఖాళీలను శాశ్వత నియామకాలతో నింపాలి. నిశ్చిత పింఛనును పునరుద్ధరించాలి. అగ్నివీరుడు సివిల్ ఉద్యోగంలో చేరితే ఆ నాలుగేళ్ళను సర్వీసులో కలపాలి. ఇవి మాజీ సైనికులు ఒంటరిగా సాధించుకోగలిగినవి కావు. మనందరం కలిసి పోరాడి సాధించవలసినవి. వచ్చే పంద్రాగస్టుకు వేదికనెక్కే నాయకులను శాలువా సరే, పింఛను మాటేమిటని ప్రతి శాఖా అడగాలి.