అమీర్‌పేటకు వెంట తెచ్చుకునేది

అమీర్‌పేట మైత్రీవనం పక్క సందుల్లో తలెత్తితే ఫ్లెక్సీలే: జావా, పైథాన్, శాప్, టెస్టింగ్. 1998లో హైదరాబాద్‌లో ఐటీ కంపెనీల కోసం సైబర్ టవర్స్ తెరుచుకున్నాక ఈ సందులు ఎందరి బతుకులనో మలుపు తిప్పాయి. మెకానికల్ చదివినవాళ్లు, బీఫార్మసీ చేసినవాళ్లు, ఏళ్ల తరబడి లెక్కలు రాసిన అకౌంటెంట్లు ఇక్కడి హాస్టళ్లలో ఉండి కోర్సులు చేశారు. ఈ సంచిక వాళ్ల గురించే.

పాతదంతా మరిచిపొమ్మని వాళ్లకు చాలామంది సలహా ఇస్తారు. నాకు ఆ మాట మీదే కోపం. శాప్‌లో లెక్కల విభాగమైన ఫికో నేర్చుకునే అకౌంటెంటును చూడండి. వంద బస్తాలకు ఆర్డరిచ్చాం, తొంభై అందాయి, బిల్లు వందకొచ్చింది. ఆర్డరు, సరుకు అందిన రశీదు, బిల్లు మూడూ సరిచూడందే డబ్బు కదలకూడదని అతనికి ఎవరూ చెప్పక్కర్లేదు. తెర మీద ఎక్కడ నొక్కాలో కొన్ని వారాల్లో వస్తుంది, ఆ బిల్లు ఎందుకు ఆపాలన్నది అలా రాదు. క్లినికల్ ట్రయల్స్ సమాచారం మీద పనిచేసే ఫార్మసీ పట్టభద్రులదీ ఇదే బలం.

లేని అనుభవానికి సర్టిఫికెట్లు అమ్మే దళారుల జోలికి మాత్రం దయచేసి పోకండి. కంపెనీలు పీఎఫ్ ఖాతా చరిత్ర కూడా చూస్తున్నాయి. పట్టుబడితే ఉద్యోగంతో పాటు ఇన్నేళ్ల నిజమైన అనుభవానికీ మచ్చ పడుతుంది.

ముప్పై దాటాక, ఈఎంఐలు నెత్తిన ఉండగా, జీతం తగ్గించుకుని కుర్రాళ్ల పక్కన ఫ్రెషర్‌గా కూర్చోవడం తేలిక కాదు. ఆ రోజుల్లో ఇల్లెలా నడిచిందో, ఎవరు ఆదుకున్నారో మాకు రాయండి. వచ్చే సంచికలో ఆ ఉత్తరాలకే ఎక్కువ పేజీలు ఇస్తాం.