అక్షరం ఒకటే, అర్థాలు మూడు

వేసవిలో పరీక్షా ఫలితాలు వెలువడ్డాయంటే మా వంటి ఉపాధ్యాయుల ఇళ్లకు రాకపోకలు పెరుగుతాయి. ఆ మధ్య ఒక సాయంత్రం అస్ర్ నమాజు ముగించుకుని ఒక తండ్రి మా ఇంటికి వచ్చారు. చేతిలో రెండు మెమోలు, ముఖంలో ఆందోళన. ఆయన కుమార్తె సీబీఎస్ఈ బడిలో పన్నెండో తరగతి పూర్తి చేసింది. ఇంగ్లీషులో 75 మార్కులు వచ్చాయి. పక్కనున్న గ్రేడు గడిలో సి1 అని ఉంది. అదే ఏడు ఆయన తమ్ముడి కొడుకు ఇంటర్మీడియట్‌లో 1000కి 752 మార్కులు తెచ్చుకున్నాడు. వాడి మెమోలో ఎ గ్రేడు ఉంది.

"మౌలానా సాబ్, వాడికీ డెబ్బై అయిదే, మా అమ్మాయికీ డెబ్బై అయిదే. వాడు ఎ ఎలా అయ్యాడు, ఈమె సి ఎలా అయింది? ఎక్కడో పొరపాటు జరిగింది. మళ్లీ దిద్దించమని దరఖాస్తు పెట్టాలా?" అని అడిగారు. ఆ ప్రశ్న వెనుక మరో మాట దాగి ఉంది. సి వచ్చిన పిల్లను డిగ్రీకి పంపడం దండగని ఇంట్లో పెద్దలు అప్పటికే తేల్చేశారట.

పొరపాటు జరిగింది నిజమే. అయితే అది మెమోలో కాదు, మెమోను చదివిన తీరులో. ఇలా చదవబట్టే ఎందరో పిల్లల చదువు ఆగిపోతోంది. అందుకే ఈ వారం ఈ విషయం రాయవలసి వచ్చింది.

మన దేశంలో మార్కులకు బదులు గ్రేడులు ఇవ్వాలన్న ఆలోచన కొత్తది కాదు. 1986 నాటి జాతీయ విద్యా విధానంలోనే ఈ మాట ఉంది. ఒక జవాబు పత్రాన్ని ఇద్దరు దిద్దితే రెండు మూడు మార్కుల తేడా రావడం సహజం. అటువంటప్పుడు 78 వచ్చినవాడు 77 వచ్చినవాడి కన్నా తెలివైనవాడని తీర్పు చెప్పడం న్యాయం కాదు. ఇద్దరినీ ఒకే వరుసలో కూర్చోబెడితే పిల్లల మీద ఒత్తిడి తగ్గుతుందన్నది గ్రేడుల వెనుక ఉద్దేశం. ఉద్దేశం మంచిదే. కానీ దేశమంతటికీ ఒకే కొలత రాలేదు. ఒక్కో బోర్డు ఒక్కో గజంబద్దతో కొలుస్తోంది. చిక్కు అక్కడే వచ్చింది.

మొదటి పద్ధతి, ముందే గీసిన గీతలది. ఇంటర్మీడియట్‌లో 1000కి 750, ఆపైన వస్తే ఎ, 600 నుంచి 749 వరకు బి, 500 నుంచి 599 వరకు సి, 350 నుంచి 499 వరకు డి. తోటివారికి ఎన్ని వచ్చాయన్నదానితో సంబంధం లేదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2012 నుంచి పదో తరగతికి ఇచ్చిన గ్రేడులు కూడా ఈ కోవలోవే. ఉదాహరణకు 91 నుంచి 100 వరకు ఒక గ్రేడు, 81 నుంచి 90 వరకు దాని కింది గ్రేడు అనుకుందాం. ఇందులో 81 వచ్చినవాడు, 90 వచ్చినవాడు సమానం. 90 వచ్చినవాడు, 91 వచ్చినవాడు వేరు. తొమ్మిది మార్కుల తేడా కనిపించదు, ఒక్క మార్కు తేడా కొండంతగా కనిపిస్తుంది. ఈ ఇబ్బందులన్నీ చూశాక ప్రభుత్వాలు మళ్లీ మార్కుల వైపు మళ్లాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2022 పదో తరగతి ఫలితాలు మార్కుల్లోనే వచ్చాయి. తెలంగాణలోనూ 2025 నుంచి మార్కులు ఇస్తున్నారు. కనుక ఒకే ఇంట్లో పెద్దవాడి మెమోలో గ్రేడు పాయింట్లు, చిన్నవాడి మెమోలో మార్కులు ఉంటే కంగారు పడవద్దు.

రెండో పద్ధతి, వరుసలో స్థానాన్ని బట్టి ఇచ్చేది. సీబీఎస్ఈ పన్నెండో తరగతిలో ఉన్నది ఇదే. ఒక సబ్జెక్టులో ఉత్తీర్ణులైన వారందరినీ మార్కుల క్రమంలో నిలబెట్టి ఎనిమిది భాగాలు చేస్తారు. మొదటి భాగానికి ఎ1, రెండో భాగానికి ఎ2, తర్వాత బి1, బి2, సి1, సి2, డి1, డి2. తప్పినవారికి ఇ. అంటే సి1 అన్నది అయిదో భాగం. దేశమంతటా ఆ సబ్జెక్టు రాసి నెగ్గిన పిల్లల్లో ఈ అమ్మాయి నడిమికి కాస్త దిగువన నిలిచింది. అందరికీ మంచి మార్కులు వచ్చే సబ్జెక్టులో 75కు సి1 పడవచ్చు. అందరికీ కష్టమైన సబ్జెక్టులో అదే 75కు ఇంకా పై గ్రేడు పడవచ్చు. ఆమె మార్కులు మాత్రం ఎక్కడికీ పోలేదు. 75 అంటే 75.

మరో సంగతి. ఇదే సీబీఎస్ఈ 2009లో తెచ్చిన నిరంతర సమగ్ర మూల్యాంకనం నడిచిన కాలంలో పదో తరగతిలో సి1 అంటే 51 నుంచి 60 మార్కులని అర్థం. ఆ విధానం 2017తో ముగిసింది. 2018 నుంచి అందరికీ బోర్డు పరీక్ష తిరిగి వచ్చింది. కాబట్టి అన్న మెమోలోని సి1ని, చెల్లెలి మెమోలోని సి1ని పక్కపక్కన పెట్టి పోల్చడం సేర్లను గజాలతో కొలవడం వంటిది.

మూడో పద్ధతి విశ్వవిద్యాలయాలది. యూజీసీ 2015లో పది పాయింట్ల కొలతను సూచించింది. ఓ అంటే 10, ఎ ప్లస్ 9, ఎ 8, బి ప్లస్ 7, బి 6, సి 5, పి 4. ఎఫ్ వస్తే, పరీక్షకు రాకపోతే సున్నా. ఓ అన్న అక్షరాన్ని సున్నా అనుకుని కన్నీరు పెట్టుకున్న తల్లిని మేము చూశాం. తల్లీ, అది అన్నిటికన్నా పై గ్రేడు!

ఇక్కడ క్రెడిట్లు అనే తూకపు రాయి కూడా ఉంది. వారానికి ఒక గంట చొప్పున సెమిస్టరు అంతా చెప్పే పాఠానికి ఒక క్రెడిట్. ప్రాక్టికల్ అయితే రెండు గంటలకు ఒకటి. ఒక విద్యార్థికి నాలుగేసి క్రెడిట్ల పేపర్లు రెండు, రెండు క్రెడిట్ల పేపరు ఒకటి ఉన్నాయనుకుందాం. పెద్ద పేపర్లలో ఎ, బి, చిన్నదానిలో ఓ వచ్చాయి. నాలుగు ఎనిమిదులు 32, నాలుగు ఆరులు 24, రెండు పదులు 20, మొత్తం 76. దాన్ని పది క్రెడిట్లతో భాగిస్తే 7.6. అదే విద్యార్థి ఓ గ్రేడును పెద్ద పేపరులోను, ఎ గ్రేడును చిన్న పేపరులోను తెచ్చుకుంటే 8 అయ్యేది. గ్రేడులు అవే, ఫలితం వేరు. ఎక్కువ క్రెడిట్లున్న పేపరుకు ఎక్కువ సమయం ఇవ్వాలని పిల్లలకు మొదటి రోజే చెప్పాలి.

అసలు నష్టం జరిగేది దరఖాస్తుల దగ్గర. స్కాలర్‌షిప్‌కో ఉద్యోగానికో శాతం రాయమంటారు. సీబీఎస్ఈ పదో తరగతికి అప్పట్లో పాయింట్లను 9.5తో గుణించుకోమన్నారు. ఆ సూత్రాన్నే పిల్లలు ఇంజనీరింగు మెమోకూ వాడేస్తున్నారు. 6.75ను 9.5తో గుణిస్తే 64 దాటుతుంది. ఏఐసీటీఈ పట్టికలో 6.75 అంటే 60 శాతం మాత్రమే. 64 అని రాసి, తీరా సర్టిఫికెట్ల పరిశీలన నాడు 60 అని తేలితే దరఖాస్తు తిరస్కరణకు గురయ్యే ప్రమాదముంది. అబద్ధమాడిన నింద కూడా మోయాలి. అన్ని విశ్వవిద్యాలయాలకూ ఒకే సూత్రం లేదు. మెమో వెనుక ముద్రించిన సూత్రాన్నే వాడాలి. లేదంటే విశ్వవిద్యాలయం నుంచే శాతం ధ్రువపత్రం తీసుకోవాలి.

దీనీ మదర్సాల్లో చదివిన వారికి ఈ వరుసలు అపరిచితం కావు. ముమ్తాజ్, జయ్యిద్ జిద్దన్, జయ్యిద్, మక్బూల్ అన్న దర్జాలు ఎప్పటి నుంచో ఉన్నాయి. అయితే ముమ్తాజ్‌లో నెగ్గినంత మాత్రాన విశ్వవిద్యాలయ ద్వారం తెరుచుకోదు. ఆ మదర్సా సనదుకు గుర్తింపు ఉందా లేదా అన్నదే అక్కడ మొదటి ప్రశ్న. హైదరాబాద్‌లోని మౌలానా ఆజాద్ జాతీయ ఉర్దూ విశ్వవిద్యాలయం, ఢిల్లీలోని జామియా మిల్లియా, అలీగఢ్ విశ్వవిద్యాలయం గుర్తించిన మదర్సాల జాబితాలు ప్రకటిస్తుంటాయి. కొడుకును చేర్చేనాడే ఆ జాబితా చూసుకోవడం తండ్రి బాధ్యత. ఎనిమిదేళ్లు గడిచాక చూసుకుంటే ఏం లాభం?

చదువు మధ్యలో ఆపేసిన ఆడపిల్లలకు ఉపయోగపడే మాట మరొకటి ఉంది. 2021లో యూజీసీ క్రెడిట్ల బ్యాంకును ఏర్పాటు చేసింది. అందులో చేరిన విద్యాసంస్థల్లో సంపాదించిన క్రెడిట్లు గరిష్ఠంగా ఏడేళ్ల వరకు నిలువ ఉంటాయి. పెళ్లి వల్లనో ఇంటి ఇబ్బంది వల్లనో ఆగిపోయిన అమ్మాయి ఆ గడువులోగా తిరిగి వస్తే, నెగ్గిన పేపర్ల శ్రమ వృథా కాదు. అత్తవారింటి పెద్దలు కూడా ఈ సంగతి తెలుసుకోవాలి.

తల్లిదండ్రులకు మేము చెప్పేది ఒక్కటే. మెమో చేతికి రాగానే పిల్లను నిలదీయకండి. ముందు మూడు ప్రశ్నలు వేసుకోండి. ఈ గ్రేడు ముందే గీసిన గీతలదా, వరుసలో స్థానాన్ని బట్టి ఇచ్చిందా? ఏ పేపరుకు ఎన్ని క్రెడిట్లు? శాతం రాయవలసి వస్తే ఎవరి సూత్రం? జవాబు తెలియకపోతే బడికి వెళ్లి అడగండి. అడగడంలో చిన్నతనం లేదు. తెలియకుండా తీర్పు చెప్పడంలో ఉంది.

ఆ సాయంత్రం వచ్చిన తండ్రి ఇవన్నీ విన్నారు. కాసేపు మౌనంగా కూర్చున్నారు. "అయితే మా అమ్మాయి తప్పేమీ లేదన్నమాట" అన్నారు. లేదన్నాం. ఆయన దిద్దింపు దరఖాస్తు పెట్టలేదు. మరుసటి వారం కూతురిని వెంటబెట్టుకుని డిగ్రీ ప్రవేశ దరఖాస్తుతో వచ్చారు. మరెన్ని ఇళ్లలో ఒక్క అక్షరాన్ని చూసి చదువు మాన్పిస్తున్నారో పాఠకులు ఆలోచించవలసి ఉంది.