పందెం గెలిచినా జేబు ఓడుతుంది

నల్గొండ నుంచి హైదరాబాదు వెళ్లే బస్సులు దిల్‌సుఖ్‌నగర్ దాటగానే మలక్‌పేట మీదుగా సాగుతాయి. 1886లో మౌలాలి నుంచి గుర్రపు పందేలు అక్కడికి తరలివచ్చాయి. వానాకాలంలో ఒక విడత, చలికాలంలో మరొక విడత పందేలు నేటికీ నడుస్తున్నాయి. బత్తాయి బయానానో, ధాన్యం సొమ్మో జేబులో పెట్టుకొని పట్నం పోయిన రైతుకు ఆ మైదానం దారిలోనే తగులుతుంది. పందెం మంచిదా, చెడ్డదా అన్న వాదన పాతదే. అంతకంటే ముందు విచారించవలసినది వేరొకటి ఉన్నది. టికెట్టు కొనేవాడు లెక్క తెలిసి కొంటున్నాడా?

ఒక గుర్రం మొదట వస్తుందని కాసే పందెం అందరికీ అర్థమయ్యేదే. చిక్కంతా పెద్ద పందేలతోనే వస్తుంది. మొదటి రెండు స్థానాల్లో వచ్చే గుర్రాలను వరుసతో నిమిత్తం లేకుండా చెబితే క్వినెల్లా. మొదటి మూడింటిని సరైన వరుసలో చెబితే టనాలా. వరుసగా అయిదు పందేల్లో గెలిచే గుర్రాలను ముందే చెబితే జాక్‌పాట్. వీటిలో వచ్చే సొమ్ము పెద్దదిగా కనిపిస్తుంది. ఎందుకు పెద్దదో గుణకారం చెబుతుంది.

పందెంలో 12 గుర్రాలు ఉన్నాయనుకుందాం. మొదటి స్థానానికి 12, రెండవ దానికి 11, మూడవ దానికి 10. గుణిస్తే 1,320 వరుసలు. వాటిలో నిజమయ్యేది ఒక్కటి. 10 రూపాయల టికెట్టు ఒకటి కొన్నవాడు 1,320లో ఒక వరుసను పట్టుకున్నాడన్నమాట. అది చాలదని నాలుగు గుర్రాలను ఏరి, ఎటు వచ్చినా సరే అని రాయిస్తే 24 టికెట్లు, 240 రూపాయలు. అయిదు గుర్రాలైతే 60 టికెట్లు, 600 రూపాయలు. ఆరైతే 120 టికెట్లు, 1,200 రూపాయలు. ఒక్కొక్క గుర్రాన్ని చేర్చినప్పుడు ఖర్చు కొంచెం పెరుగుతుందనిపిస్తుంది. నిజానికి అది రెట్టింపో, అంతకు మించో అవుతున్నది.

జాక్‌పాట్ లెక్క ఇంకా గడుసుది. అయిదు పందేల్లో పందేనికి రెండు గుర్రాలు రాయిస్తే 32 టికెట్లు, 320 రూపాయలు. మూడేసి రాయిస్తే 243 టికెట్లు, 2,430 రూపాయలు. పందేనికి పదేసి గుర్రాలుంటే మొత్తం లక్ష రకాలుగా ఫలితం రావచ్చు. 2,430 రూపాయలు పెట్టినవాడి చేతిలో లక్షలో 243 మాత్రమే ఉన్నాయి. గుర్రాల బలాబలాలు ఒకటి కావు కనుక అవకాశం కొంత అటూ ఇటూ కావచ్చు. గుణకారం మాత్రం మారదు.

ఇక వచ్చే సొమ్ము సంగతి. 1867 ప్రాంతంలో పారిస్‌లో జోసెఫ్ ఒల్లేర్ కనిపెట్టిన పద్ధతే నేటి టోటుకు మూలం. కాసినవారందరి డబ్బూ ఒక కుప్ప పోస్తారు. అందులోంచి నిర్వాహకుల వాటా ముందే తీసి, మిగిలినది గెలిచిన టికెట్లకు పంచుతారు. మిల్లులో తరుగు తీయడం, చీటీలో ఆసామి కమిషను పట్టడం ఎరిగిన పల్లె వాసులకు ఇది కొత్త కాదు. తూకం ఎవరిదైనా తరుగు ముందే పోతుంది.

ఉదాహరణకు టనాలా కుప్ప 40,000 రూపాయలు, తరుగు నూటికి 25 అనుకుందాం. పంచడానికి మిగిలేది 30,000. అందరూ మెచ్చిన గుర్రాలే గెలిచి, సరైన టికెట్లు 60 తేలితే టికెట్టుకు 500 రూపాయలు. అయిదు గుర్రాలు రాయించి 600 రూపాయలు పెట్టినవాడికి 60 టికెట్లలో గెలిచేది ఒక్కటే. చేతికి వచ్చేది 500. అతడు చెప్పింది నిజమైంది, పందెం గెలిచాడు, 100 రూపాయలు పోగొట్టుకున్నాడు!

జాక్‌పాట్‌లోనూ ఇంతే. కుప్పలో సాధారణంగా నూటికి 70 వంతులు అయిదూ చెప్పినవారికి, 30 వంతులు నాలుగు చెప్పినవారికి పోతాయి. పదిమందికి తెలిసిన గుర్రాలే గెలిస్తే పంచుకునేవారు ఎక్కువ, వాటా తక్కువ. ఎవరూ ఊహించని గుర్రాలు గెలిస్తే వాటా పెద్దదే కాని, ఆ టికెట్టు తనవద్ద ఉండదు. ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్న సామెత జాక్‌పాట్ సొమ్ముతో అప్పు తీరుద్దామనుకునేవారికి బాగా అతుకుతుంది.

గోరుచుట్టు మీద రోకటిపోటులా పన్నులు ఉండనే ఉన్నాయి. 2017లో 28 శాతంగా మొదలైన జీఎస్టీ 2025 సెప్టెంబరు 22 నుంచి 40 శాతమయింది. ఆ పన్ను లాభం మీద కాదు, కాసిన మొత్తం మీద. 600 రూపాయలకు పన్ను విడిగా కలిపితే 840 అవుతుంది. గెలిచిన సొమ్ము మీద ఆదాయపు పన్ను 30 శాతం. ఒకనాడు 20,000 గెలిస్తే 6,000 పన్ను. మిగతా వారాల్లో 25,000 పోగొట్టుకున్నానని చూపినా ఆ నష్టాన్ని తగ్గించరు.

గుర్రపు పందెం నైపుణ్యంతో కూడినదని 1996లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. మంచిదే. గుర్రం వంశం, జాకీ సత్తా, మోసే బరువు, నేల తడి తెలియడం నైపుణ్యమైతే, ఎన్ని టికెట్లు, ఎంత ఖర్చు, ఎంత తరుగు అని తెలియడం అంతకంటే పెద్ద నైపుణ్యం. అది లేనివాడికి ఆ తీర్పు అక్కరకు రాదు.

ఊళ్లలో ఫోను మీద పందేలు రాసుకునేవారి వ్యవహారం మరీ ప్రమాదకరం. 1974 నాటి గేమింగ్ చట్టం పందెం రోజున, అనుమతించిన ఆవరణలో, టోటు ద్వారా గాని లైసెన్సున్న బుకీతో గాని కాసేదానికే మినహాయింపు ఇచ్చింది. తక్కినది నేరం. గెలిచిన సొమ్ము ఎగవేస్తే దావా వేయడానికీ వీలులేదు. పందెపు ఒప్పందం చెల్లదని 1872 నాటి కాంట్రాక్టు చట్టమే చెబుతున్నది. పన్ను లేదు కదా అని ఆశపడి వీరివద్ద కాసినవాడికి అసలుకే దిక్కు ఉండదు.

అందువల్ల కావలసినవి రెండు. టికెట్టు అమ్మేచోట ఎన్ని గుర్రాలకు ఎన్ని టికెట్లు, మొత్తం ఖర్చెంత, తరుగెంత, పన్నెంత అన్నది తెలుగులో బోర్డు మీద రాసి ఉంచాలి. పల్లెల్లో దొంగచాటు పందేలను పోలీసులు చూసీచూడనట్లు వదిలేయరాదు. ఇవి జరిగేదాకా ఆగనక్కరలేదు, పలకా బలపం చాలు. హైస్కూలు పిల్లవాడు చేయగల గుణకారం ఇది. కొడుకు చేత ఒకసారి ఆ లెక్క వేయించి చూసుకున్న రైతు, ఎరువుల కొట్టుకు చేరవలసిన డబ్బును మలక్‌పేటలో దించడు.