చెవులు మావి, ప్రశ్నలు ఎవరివి?

సూరత్‌లోని పర్వత్ పాటియా, లింబాయత్ ప్రాంతాల తెలుగు నేత కార్మికులలో అనేకులు చేమగ్గం కూడు పెట్టని నాడు తెలంగాణ జిల్లాల నుండి వలస వచ్చినవారు, వారి సంతానం. పన్నెండేసి గంటలు సాంచాల మధ్య నిలబడి మీటరు లెక్కన కూలి పుచ్చుకునే ఈ సోదరులకు వయసు మళ్లేనాటికి మిగిలే ఆస్తి చెవుడు.

దానినైనా చట్టం గుర్తిస్తున్నదా? 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం ప్రకారం రెండు చెవులలోనూ, మాట వినబడే స్థాయులలో 60 డెసిబెళ్ల నష్టం ఉంటేనే అది వైకల్యం. కానీ యంత్రాల రొద మొదట హరించేది అంతకన్న హెచ్చు స్థాయి ధ్వనులను. బజారు సందడిలో భార్య పిలుపు అందని నేతగాడు కాగితం మీద ఆరోగ్యవంతుడే! (ఈలోగా పాలకులు మనకు ‘దివ్యాంగులు’ అని పేరు మాత్రం ప్రసాదించారు.)

అదే చట్టం 28వ సెక్షన్ పునరావాస పరిశోధనను ప్రభుత్వ బాధ్యతగా చేసింది. అయితే ఏ సమస్యను పరిశోధించాలో నిర్ణయించే పీఠంపై బాధితునికి చోటివ్వాలని అందులో లేదు. 2007లో భారతదేశం ఆమోదించిన ఐక్యరాజ్యసమితి ఒడంబడిక 4వ అధికరణం మాత్రం వికలాంగుల సంఘాలతో సంప్రదించి తీరాలంటున్నది. సంతకం ఒకటి, ఆచరణ వేరొకటి.

చదువురాని కార్మికునికి శాస్త్రమేమి తెలుసునని కొందరు పెద్దలు అడుగుతున్నారు. జైపూర్ పాదాన్ని వారు మరచినట్లున్నారు. విదేశీ కృత్రిమ పాదం బూటు లేనిదే పనిచేయదు. దానితో గొంతుక్కూర్చోలేము, పొలం బురదలో నడవలేము. 1960ల చివర డాక్టర్ పి.కె. సేథీతో కలిసి మనకు పనికివచ్చే పాదాన్ని రూపొందించినవాడు రామచంద్ర శర్మ అనే శిల్పకారుడు. బ్రిటన్‌లో 2004లో ఏర్పడిన జేమ్స్ లిండ్ అలయన్స్ రోగులను, వైద్యులను ఒకే బల్ల వద్ద కూర్చోబెట్టి పరిశోధనాంశాలను ఎంపిక చేయిస్తున్నది. అక్కడ శాస్త్రమేమీ కూలిపోలేదు.

చెవిలో బిరడా పెట్టుకోమనడం సులభం. ఉక్కపోసే షెడ్డులో చెమటకు అది నిలుస్తుందా? శబ్దంలోని తేడాను బట్టి సాంచా లోపం పసిగట్టేవాడు బిరడాతో ఎలా పసిగట్టాలి? సాంచా రొదనే తగ్గించరాదా? యాభై ఏళ్లకు చెవుడు వచ్చినవానికి ఏ పని నేర్పాలి? ఇవీ మా ప్రశ్నలు.

అహ్మదాబాదులోని జాతీయ వృత్తి ఆరోగ్య సంస్థ వంటి ప్రభుత్వ పరిశోధనాలయాలలో అంశాలను ఎంపిక చేసే సంఘాలకు వినికిడి కోల్పోయిన కార్మికులను సభ్యులుగా తీసుకోవాలని, ఆ రోజు కూలి చెల్లించాలని, ఫలితాలను తెలుగు, ఒడియా, గుజరాతీ భాషలలో వెల్లడించాలని డిమాండు చేస్తున్నాము.

మన శాఖలు అంతవరకు చేతులు ముడుచుకొని కూర్చోరాదు. సభ్యుల ప్రశ్నలను వారి మాటలలోనే వ్రాసి కేంద్ర కార్యాలయానికి పంపాలి. ఈ పని షెడ్డులో వద్దు. సెలవునాడు ఇంటికి వెళ్లి, ఎదురుగా కూర్చొని, నెమ్మదిగా అడగండి.