పుట్టగొడుగుకు అన్యాయం చేయకండి

‘పుట్టగొడుగుల్లా చర్చిలు పుట్టుకొస్తున్నాయి’ అనే మాట జగిత్యాలలో, కోరుట్లలో, సిరిసిల్లలో తరచూ వింటుంటాం. నిన్న లేనిది నేడు మొలిచింది, రేపటికి ఉండదు అని దాని భావం. ఆ మాట అన్నవారి మీద కోపగించుకునే ముందు అసలు పుట్టగొడుగు సంగతి తెలుసుకుందాం.

వానలు పడ్డాక చెదపుట్టల దగ్గర లేచే గొడుగుల్లో ఒక జాతి చాలా చిన్నది. దాని శాస్త్రీయ నామం టెర్మిటోమైసిస్ మైక్రోకార్పస్. ఆఫ్రికాలోనూ, మన దేశంతో సహా ఉష్ణమండల ఆసియాలోనూ పెరుగుతుంది. గొడుగు వెడల్పు సాధారణంగా 2 సెంటీమీటర్ల లోపే. రాత్రికి రాత్రే లేచినట్టు కనిపించినా దాని వెనుక ఎంతో శ్రమ ఉంది. చెదలు ఎండుటాకులు, పుల్లలు నమిలి తెచ్చి, భూమిలోని చీకటి గదుల్లో తుట్టెలా పేరుస్తాయి. శిలీంధ్రం ఆ తుట్టెపై తెల్లని దారాలుగా అల్లుకొని, గట్టి కట్టెను మెత్తబరచి చెదలకు ఆహారంగా మారుస్తుంది. అవి దానికి ఇల్లు కడితే, అది వాటికి అన్నం పెడుతుంది. చెదలు ఆ తుట్టె ముక్కలను నేలమీదికి తెచ్చి పరిచాక, వానతడికి ఈ గొడుగులు వందలుగా విచ్చుకుంటాయి.

మైక్రోకార్పస్ అంటే చిన్న ఫలం. ‘కర్పోస్’ అనే ఆ గ్రీకు మాటనే అపొస్తలుడైన పౌలు గలతీ పత్రిక 5:22లో ఆత్మఫలాన్ని గూర్చి రాస్తూ వాడాడు. ఫలం పైకి కనిపిస్తుంది. దాన్ని మోసే జీవం మాత్రం మరుగునే ఉంటుంది.

మన సంఘాలూ అంతే. జగిత్యాల, కోరుట్లలో బీడీలు చుట్టే అక్కలు వంటకు ముందు తీసిపెట్టిన పిడికెడు బియ్యం, సిరిసిల్లలో రాత్రంతా మరమగ్గం నడిపే అన్నలు చేసిన మౌన ప్రార్థన... వీటిమీదే గదా సంఘం లేచింది! కాపరులమైన మేము మాత్రం వార్షిక నివేదికల్లో బాప్తిస్మాలను, కట్టిన గోడలను లెక్కపెట్టాం, వీరిని మరిచాం. ఆ తప్పు మాదే.

పదవి కోసమో, స్థలం కోసమో అలిగి వెళ్లి వీధి చివర మరో బోర్డు కట్టడాన్ని పుట్టగొడుగుతో పోల్చకండి. కింద తుట్టె లేకుండా ఈ గొడుగు లేవదు. వేరుపడదామనుకునేవారు ముందుగా తమ కింద ఏముందో చూసుకోవాలి.

వచ్చే ఆదివారం ఆరాధన ముగిశాక వెనుక వరుసలోని ఆ అక్క పక్కన కాసేపు కూర్చుందాం. సంఘం ఎలా మొలిచిందో ఆమెకు తెలుసు.